పావుగంట ఆగమన్న మా బావ

దేవుడికి వెలుగు చాలడం లేదని మీతో ఎవరు చెప్పారు? గోపురం మీదా, ధ్వజస్తంభం మీదా, వీధి పొడుగునా కొమ్మకొమ్మకీ రంగు బల్బులు చుట్టమని ఏ గ్రంథంలో ఉంది? వెతక్కండి. ఎక్కడా లేదు. మా ఊళ్లో ఆ మాట చెప్పింది నేను.

మా బావ పోయాడు. మా అక్క మొగుడు, మా ఊరి లైన్‌మన్. ఈ ధనుర్మాసంలోనే, పొద్దుగూకే వేళ, కరెంటు స్తంభం మీదే పోయాడు. చీపురుపల్లి ఆసుపత్రికి తీసుకెళ్లారు గానీ, అప్పటికే అయిపోయిందని ఆటోలో కూర్చున్నవాళ్లకి తెలుసు. కబురు అందేటప్పటికి నేను గుడి ముందు మైకు పట్టుకుని ఉన్నాను.

ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి నేను. గ్రంథాలన్నీ నాకు నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. ఆ చదువు సాగింది మా బావ అరుగు మీద. సాయంత్రం పొలం నుంచి వచ్చి నేను గుడ్డి వెలుగులో అక్షరాలు వెతుక్కోవడం చూసి, ఆయన ఓ చిన్న బల్బుని తీగకి వేలాడగట్టి సరిగ్గా పుస్తకం మీదికి దించాడు. ఇంకొంచెం పెద్ద బల్బు పెట్టకూడదా అంటే నవ్వాడు. "ఎలుగు పుస్తకం మీద పడితే సాలు బామ్మర్దీ. ఊరందరి మీదా పడాల్సిన పనేటి?" అన్నాడు. నేను ఇంతమందికి ధర్మం చెప్పగలిగానంటే ఆ చిన్న బల్బు పుణ్యమే. అది ఇంతమందిలో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబితే వినేవాడు లేడు.

పొద్దున్నే పనికి పోతూ, తెల్లారాక కూడా వెలుగుతున్న అరుగు బల్బు ఎవరింట కనబడినా లోపలికెళ్లి ఆర్పేసి వచ్చేవాడు. ఆ ఇంటివాళ్లు ఏమనుకుంటారో అన్న మొహమాటం లేదు. సూర్యుడికి బల్బు చూపిస్తున్నావా అత్తా అని ఓ ముసలమ్మని అడిగితే, నీ కళ్లకి నా బల్బే కనబడిందా, నా మోకాళ్ల నొప్పులు కనబడలేదా అని ఆవిడ తిట్టిపోసింది. మర్నాటి నుంచి ఆవిడ స్విచ్చి కూడా ఈయనే వేసి, ఈయనే తీసేవాడు. నా ఉపన్యాసానికి వస్తే హెల్మెట్టు బోర్లించి దాని మీద కూర్చునేవాడు. కథ మధ్యలో ఫోను మోగితే దణ్ణం పెట్టి లేచిపోయేవాడు.

ఏటా చలికాలం గుడికి దీపాలు కడతారు. మీటరు పెట్టించరు. వెదురు గడకి కొక్కెం కట్టి వీధి లైను మీద వేస్తారు. అటు దీపాలు వెలిగాయంటే ఇటు ఊరి చివరి వీధిలో బల్బు నిప్పుకణికలా ఎర్రబడుతుంది, పొలంలో మోటారు నీళ్లెత్తదు. ఈసారి దీపాలు రెట్టింపు చేద్దామని కమిటీ కూర్చున్నప్పుడు మా బావ లేచాడు. గోపురం ఒక్కటీ చాలు, అదీ పూజ జరిగినంతసేపే వేయండి, దానికి తాత్కాలికంగా మీటరు పెట్టించుకోండి, మిగతాది మొక్కజొన్నకి వదలండి అని బతిమాలాడు. ఒకడు, "కరెంటేటి నీ ఇంట్లో వండుతన్నావేటి మావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "నానొండితే మీకు తిన్నంత పెడుదునురా. ఉన్నదే ఇంత. అందరికీ రావాల" అన్నాడు.

అప్పుడు నేను లేచాను. దీపదానం ఎంత పుణ్యమో శ్లోకం చదివి చెప్పాను. దేవుడి ముందు దీపం తగ్గించమన్నవాడి ఇంట దీపం ఉండదన్నాను.  మర్నాడు మా బావ వచ్చి, పిల్లలు ముట్టుకుంటారని, దీపాల తీగల అతుకులన్నిటికీ తన దగ్గరున్న టేపు చుట్టి వెళ్లాడు.

మా బావ పోయిన సాయంత్రం నేను భక్తుడి మొర విని దేవుడు పరుగెత్తుకొచ్చిన కథ చెబుతున్నాను. ఉన్నట్టుండి కరెంటు పోయింది. బరువు తట్టుకోలేక ఫ్యూజు కాలింది. మా బావ లైను ఆపించి స్తంభం ఎక్కుతూ కమిటీ మనిషికి ఫోను చేశాడు. పావుగంట ఆగండి, నేను దిగి చెప్పేదాకా జనరేటరు వేయొద్దు, వేస్తే ముందు కొక్కెం తీయండి అన్నాడు. ఆ మనిషి వచ్చి నా చెవిలో చెప్పాడు. జనం లేచిపోతున్నారు. కథ సగంలో ఉంది. వేసేయండి అన్నాను.

కొక్కెం తీగా, జనరేటరు తీగా ఒకే బోర్డుకి ఉన్నాయి. జనరేటరులో పుట్టిన కరెంటు దీపాలకి ఎంత వచ్చిందో, కొక్కెం పట్టుకుని వీధి లైనులోకి అంత ఎదురెక్కింది. చచ్చిన లైను అనుకుని పట్టుకున్నాడు మా బావ. జనరేటరు ఒక్కసారి మూలిగింది. గోపురం వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు.

పదకొండో రోజు అక్క నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఏడవలేదు. "నీ పుస్తకంలో దీనికేటి రాసున్నాదిరా, సెప్పు" అంది. గ్రంథం నా చంకలోనే ఉంది. అడిగిన ప్రతివాడికీ పేజీ తీసి చూపించినవాణ్ణి. నా వేళ్లకి ఆ రోజు పేజీ దొరకలేదు.

మళ్లీ దీపాలు కట్టారు. అదే కొక్కెం. వద్దని కాళ్లావేళ్లా పడ్డాను. దేవుడి ముందు దీపం తగ్గించమన్నవాడి గతి ఏమవుతుందో మీరే చెప్పారు కదా స్వామీ అని నా మాటే నాకు అప్పజెప్పారు. వాళ్లు వెటకారం చేయలేదు. భక్తితోనే అన్నారు. నేను ముట్టించిన మాట నేనే ఆర్పలేకపోతున్నాను.

మా ఊళ్లో నా మాట చెల్లడం లేదు గనక మీకు రాస్తున్నాను. రేపు కాదు, ఇవాళే, పొద్దుగూకకముందే మీ గుడికి వెళ్లండి. మీటరు లేని దీపాలు వెలిగించనివ్వకండి. కొక్కేన్ని మీరు ముట్టుకోవద్దు, లైన్‌మన్‌ని పిలిచి తీయించండి. వేదిక మీద నాలాంటివాడు ఎన్ని శ్లోకాలు చదివినా వినకండి. కరెంటు పోతే, లైన్‌మన్ స్తంభం దిగి, రెండు కాళ్లూ నేల మీద పెట్టి, చేతులు తుడుచుకునేదాకా జనరేటరు దగ్గర అడ్డంగా నిలబడండి.