మా చెల్లెలి పెళ్లి ప్రకటనలూ, ఎర్ర లైటూ

మా సంఘంలో పెళ్లి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు పాస్టరుగారు ఆరాధనలో ఆ ఇద్దరి పేర్లూ చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. మూడో ప్రకటన కూడా అయితేనే పెళ్లి. వయసు పిల్లల పేర్లు చదివితే ఎవరూ తలెత్తరు. మా చెల్లెలి పేరు చదివిన రోజు మాత్రం చాపల మీద కూర్చున్న ఆడవాళ్లందరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. ఎందుకు తిరగరు? ఆమెకు యాభై ఆరు. మొగుడు పోయి చాలా కాలమైంది. ఉద్యోగం చేసుకునే కూతురుంది. పెళ్లికొడుకు కృష్ణపట్నం పోర్టులో క్రేను నడిపే మనిషి. ఆయనకూ భార్య పోయింది. మా చెల్లెలికంటే నాలుగేళ్లు చిన్న.

ఆ నాలుగేళ్ల దగ్గరే వచ్చింది తంటా.

ఆరాధన అయ్యాక బయట చెప్పులు వెతుక్కుంటుంటే, మాకు వదిన వరసయ్యే ఒక పెద్దామె మా చెల్లెలి పక్కకొచ్చి అంది: "ఏం మే, ఫోటోలో పక్కపక్కన నిలబడితే అక్కాతమ్ముడు అనుకుంటారేమో, కాస్త చూసుకో."

మా చెల్లెలు అక్కడ నవ్వేసింది. ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చున్నాక నవ్వలేదు.

ఆమెది అందమైన మొహమని నేను అబద్ధం చెప్పను. ఒకప్పుడు బాగుండేది. మొగుడు పోయినప్పటి నుంచి అల్లూరు అవతల కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువును తనే నడుపుతోంది. పొద్దస్తమానం గట్టు మీద ఎండా ఉప్పుగాలీ. నుదురు నెర్రెలు విచ్చిన మడిలా తయారైంది. బుగ్గల మీద మంగు మచ్చలు. అయితే ఏం? ఆ మొహంతోనే కూతుర్ని చదివించింది. ఆ మాటే చెప్పాను. "నీకేం, నువ్వు పెళ్లి చేసుకుంటున్నావా?" అని నా నోరు మూయించింది.

ఈ పెళ్లి పట్టుబట్టి కుదిర్చింది ఆ కూతురే. తల్లి దిగులు చూసి ఒక అట్టపెట్టె తెచ్చింది. అందులో మొహానికి తగిలించుకునే ప్లాస్టిక్ ముసుగు. లోపలంతా చిన్న చిన్న ఎర్ర బల్బులు. దాంతోపాటు మూడు సీసాలు. వాటిని సీరం అంటారట. నేను యాభై దాటాక, బైబిలు సొంతంగా చదువుకోవాలని అక్షరాలు దిద్దినదాన్ని. సీసా చేతికొస్తే చదవకుండా ఉండలేను. అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాల్లో ఒక్కటీ ఆ సీసాల మీద లేదు. అంతా ఇంగ్లీషే.

పిల్లే చదివి చెప్పింది. "అమ్మా, పెద్దమ్మా, ఇద్దరూ వినండి. మొహం కడుక్కోని, తుడుచుకోని, ఏమీ రాయకుండా లైటు పెట్టుకోవాల. పది నిమిషాలు చాలు. కళ్లు మూసుకో. తీసినాక ఈ నీళ్లమాదిరి ఉండే సీరం రాసుకో. విటమిన్ సి పొద్దున. ఈ మూడోది రెటినాల్, ఇది గట్టిది. లైటు మానేసిన రోజు రాత్రి మాత్రమే, బఠాణీ గింజంత. అన్నీ కలిపి పుయ్యబాకు. ఎండలోకి పోతే సన్‌స్క్రీన్ లేకుండా పోబాకు."

"ఎన్నాళ్లకు తేటపడద్ది?" అంది మా చెల్లెలు.

"రెండు మూడు నెలలు పడద్ది. అదీ కొంచెమే."

"మూడో ప్రకటన రెండు వారాల్లో ఉండాది కదే!"

పిల్ల నవ్వి, పోర్టు ఆఫీసు బస్సుకు టైమైందని వెళ్లిపోయింది. మా చెల్లెలు సీసాల వంక చూసిన చూపు నాకు నచ్చలేదు.

రొయ్యలు పెంచేవాళ్లకు ఒక న్యాయం తెలుసు. నీళ్లలో పురుగు చావడానికి మందు కొట్టిన రోజున, మంచి సూక్ష్మజీవుల పొడి చల్లరు. ఒకదాన్ని ఒకటి తినేస్తుంది, రెండూ దండగ. ఒక దినం మందు, కొన్నాళ్లు ఆగి పొడి. ఈ మాట ఆ ఊళ్లో పొడి అమ్మేవాళ్లకే పాఠం చెప్పగల మనిషి మా చెల్లెలు. అయితే ఇదే మనుషులకు ఇంకో గుణం కూడా ఉంది. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజు దగ్గరపడి, రొయ్య ఎదగకపోతే బుద్ధి పనిచేయదు. దొరికిందల్లా చెరువులో పోస్తారు. మా చెల్లెలికి పట్టుబడి దగ్గరపడింది, అంతే.

మూడు సీసాలూ ఒకదాని మీద ఒకటి పూసింది. పైన ముసుగు తగిలించి లైటు వేసుకుంది. పది నిమిషాలు చాలదని ఇంకోసారి వేసుకుంది. తెల్లారి మేత తిన్నాయో లేదో చూసే ట్రేలు లేపడానికి చెరువుకు పోయింది, సన్‌స్క్రీన్ జిడ్డుగా ఉందని మానేసి. ఇలా వారం పైన నడిచింది. నేను చూస్తూనే ఉన్నాను. "ఆపు మే" అన్నాను. "మంట పుడతా ఉండాదంటే పని చేస్తా ఉన్నట్టే" అంది.

పని చేసింది. శుక్రవారానికి మొహం ఉడికిన రొయ్యలా ఎర్రబడింది. శనివారానికి పొలుసులు లేచాయి. ముక్కు పక్కన ముట్టుకుంటే పొర ఊడొస్తోంది. కూతురు ఫోనులో చూసి తిట్టింది. అన్నీ ఆపి, చల్లటి నీళ్లూ, వాసన లేని ఒక క్రీమూ తప్ప ఏదీ తగలనీయొద్దని, తగ్గకపోతే నెల్లూరులో చర్మం డాక్టరు దగ్గరకు తీసుకుపోతానని చెప్పింది.

మా చెల్లెలు ఫోను పెట్టేసి నాతో అంది: "అక్కా, నువ్వు పాస్టరుగారి దగ్గరకు పో. మూడో ప్రకటన చదవొద్దని చెప్పు."

"ఎందుకు?"

"ఈ మొహం పెట్టుకోని పెళ్లికూతురంటే పాలెమంతా నవ్వుద్ది. ఆయనకు నగుబాటు. నాకొద్దు ఈ పెళ్లి."

వాయిదా అనలేదు, వద్దంది. నలుగురిలో ఒకసారి పెళ్లి ఆగిపోతే మళ్లీ ఈ మాట ఎత్తే ధైర్యం ఆమెకు రాదని నాకు తెలుసు. పాస్టరుగారి దగ్గరకు పోలేదు. క్రేను మనిషికే ఫోను చేశాను.

సాయంత్రానికి ఆయన చందువ చేపలు తీసుకుని వచ్చాడు. మా చెల్లెలు కొంగు కళ్ల దాకా లాగి గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆయన బల్ల మీద ముసుగు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వదినా, ఇది పెట్టుకుంటే వయసు తగ్గుద్దంట, నిజమేనా?" అని నన్నడిగాడు.

"అట్టనే అంటారయ్యా."

"తిరగేసి పెట్టుకుంటే పెరగదా? నాకొక నాలుగేళ్లు కావాల. ఈ నాలుగేళ్ల కోసమే గదా ఈమె తోలు ఒలుచుకుంటా ఉండేది."

అని నిజంగానే తగిలించుకుని స్విచ్చి నొక్కాడు. మీసాల మీద ఎర్ర లైటు. ముసుగు ఆయన మొహానికి సరిపోక గడ్డం కింద నుంచి బయటికొచ్చింది. మా చెల్లెలు ఓరగా చూసి నవ్వింది, వెంటనే అమ్మా అని బుగ్గలు పట్టుకుంది.

"నవ్వించబాకయ్యా, మొహం చీలతా ఉండాది."

ఆయన ముసుగు తీసి పక్కన పెట్టాడు. "నేను ఫోటో కోసం చేసుకోవడం లేదు. డ్యూటీ దిగి ఇంటికిపోతే ఏమయ్యా తిన్నావా అని అడిగే మనిషి లేదు. నువ్వు అడుగుతావని ఒప్పుకున్నా. నువ్వొద్దంటే నువ్వే రేపు ఆరాధనలో లేచి చెప్పు. వదినతో చెప్పించబాకు."

చేపలు నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. మా చెల్లెలు అన్నం తిని పడుకుంది. తెల్లారి నేను ఆమెను లేపలేదు. తనే స్నానం చేసి తెల్ల చీర కట్టుకుని వచ్చింది. మొహం మీద కొంగు.

పాస్టరుగారు మూడోసారి ఇద్దరి పేర్లూ చదివి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమన్నారు. నేను ఎవరి వంకా చూడలేదు, మా చెల్లెలి మోకాళ్ల వంకే చూశాను, లేస్తుందేమోనని. ఆమె లేవలేదు. కాసేపటికి ఉక్కపోసిందో ఏమో, కొంగు తీసి భుజం మీద వేసుకుంది. పొలుసులతో ఉన్న మొహం అందరికీ కనపడింది.

బయటికొచ్చాక ఆ వదిన వదల్లేదు. "అయ్యో అయ్యో, ఏంది మే ఆ మొహం? ఏమయింది?"

"పాత తోలు ఊడతా ఉండాది వదినా," అంది మా చెల్లెలు, గేటు దగ్గర నిలబడ్డ క్రేను మనిషి వైపు నడుస్తూ. "ఫోటో దిగేటప్పుడు మా పక్కన నువ్వు నిలబడు. మేమిద్దరం నీ పిల్లల్లాగా ఉంటాం."