ఎవరూ తెరవని ఎనిమిది లైసెన్సులు

2005లో విశాఖపట్నంలో ఒక యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో నేను సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. పేరు పెద్దదే గానీ పని మాత్రం అందరిచేతా తిట్లు తినడం. ఆ ఏడాది ఇంజనీరింగ్ విభాగాలన్నిటికీ కలిపి ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇనప వస్తువు మీద ఎంత బరువు పడితే ఎక్కడ పగులుతుందో లెక్కగట్టి, బొమ్మ గీసి చూపిస్తుంది. దాన్ని ఎక్కించడానికి నాకూ, నా తోటి ఆపరేటర్ అప్పలరాజుకీ వారం పైనే పట్టింది.

దాని పద్ధతి కాస్త చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌ని ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోవచ్చు. కానీ తెరిచిన ప్రతిసారీ అది మా గదిలోని లైసెన్స్ సర్వర్‌ని ఖాళీ ఉందా అని అడుగుతుంది. మాకున్నవి పది ఫ్లోటింగ్ లైసెన్సులు. అంటే ఒకేసారి పదిమంది వాడుకోవచ్చు, ఒకరు మూసేస్తే ఇంకొకరికి దొరుకుతుంది. ఇంత మంచి ఏర్పాటుని కూడా పాడుచెయ్యగల మేధావులు మనకి ఉన్నారు.

సాఫ్ట్‌వేర్ ఎక్కించిన వారానికే మా సెంటర్ హెడ్ నన్ను పిలిచి ఎనిమిది మంది ప్రొఫెసర్ల పేర్లు చదివాడు.

"వీళ్లకి తలా ఒకటి రిజర్వ్ చేసెయ్."

"సార్, పదిలో ఎనిమిది తీసేస్తే పరిశోధన చేసే పిల్లలకి రెండే మిగుల్తాయి."

"అయితే పెద్దవాళ్లు వచ్చి పిల్లల వెనక లైన్లో నిల్చోవాలా? చెప్పింది చెయ్యి."

బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకుంటారు చూడండి, అదే బుద్ధి. కాకపోతే తువ్వాలు వేసినవాడు బస్సైనా ఎక్కుతాడు. ఈ పెద్దమనుషులు అదీ ఎక్కలేదు. ఎవరికి ఎన్ని ఇవ్వాలో సర్వర్‌కి చెప్పేది ఆప్షన్స్ ఫైల్. ఆ ఎనిమిది పేర్లూ అందులో నా చేత్తోనే రాశాను.

సునీత గారు అప్పుడే నా దగ్గరికి వచ్చారు. ఉక్కునగరంలో క్వార్టర్, భర్తకి షిఫ్టు డ్యూటీలు, రెండేళ్ల పాప. ఫర్నేస్ దగ్గర క్రేన్ కొక్కేలు ఎక్కడ చిట్లుతాయన్నది ఆవిడ పరిశోధన. ఆరేళ్లుగా చేస్తున్నారు. రెండుసార్లు గడువు పెంచారు, ఇక పెంచరు. డిసెంబర్ ఆఖరికి థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరు.

రోజూ క్యాంపస్‌కి రాలేరు కాబట్టి రిమోట్ యాక్సెస్ పెట్టించాను. సాఫ్ట్‌వేర్ ఆవిడ ఇంటి కంప్యూటర్‌లో ఉంటుంది, టెలిఫోన్ లైన్ మీద మా సర్వర్ దాకా ఒక దారి వేశాం, అనుమతి ఒక్కటే ఇక్కణ్ణుంచి వెళ్తుంది. మొదటి రోజే ఫోన్ చేశారు.

"సార్, వచ్చేసిందండీ! పాపని ఒళ్లో పెట్టుకుని చేసుకుంటున్నానండీ!"

ఆ సంబరం పది రోజులు. తరవాత ల్యాబ్‌లో పిల్లలు పొద్దున్నే వచ్చి మిగిలిన రెండూ తెరిచి కూర్చునేవారు. మూస్తే మళ్లీ దొరకదని భోజనానికి వెళ్లినా మూసేవారు కాదు. వాళ్లనేం అనగలం? సునీత గారికి తెర మీద ఏదో ఎర్రర్ నంబర్ తప్ప ఏమీ కనబడేది కాదు. ఫోన్ చేసి ఆ నంబర్ చదివేవారు. దాని అర్థం నాకు తెలుసు. లైసెన్సులు ఖాళీ లేవని.

"నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అమ్మా. రేపు చూడండి," అనేవాణ్ణి.

ఒకసారి కాదు, మూడు నెలలు అన్నాను. హెడ్ పేరు చెప్పే ధైర్యం లేక అన్నాను. పాపం ఆవిడ మోడెమ్ మార్చారు. టెలిఫోన్ ఆఫీసు చుట్టూ తిరిగి ఇంటి లైన్ కొత్తగా వేయించుకున్నారు. ఆఖరికి నవంబర్‌లో, ‘మీ సిస్టమ్‌లోనే ఏదో ఉండుంటుంది’ అని ఒక చెత్త మాట నా నోట్లోంచి వచ్చేసింది.

మర్నాడు ఆవిడ సీపీయూని దుప్పట్లో మూటగట్టుకుని సిటీ బస్సులో వచ్చేశారు. ఒక చంకలో పాప, ఒక చేత్తో ఆ బరువు. ఏ రోగమూ లేని ఆ పెట్టెని నేను స్క్రూలు విప్పి, దుమ్ము దులిపి, ర్యామ్ తీసి మళ్లీ పెట్టాను. "ఇప్పుడు చూడండి," అన్నాను. ఆవిడ దణ్ణం పెట్టి వెళ్లిపోయారు.

అప్పలరాజు అంతా చూస్తూనే ఉన్నాడు. ఆవిడ గుమ్మం దాటగానే విరుచుకుపడ్డాడు.

"ఏటి బావ, సిగ్గు నేదా నీకు? ఆ తల్లి సేత బరువులు మోయిత్తన్నావ్! ఇదిగో, లాగ్ సూడు. ఆ ఎనిమిది మందిలో ఒక్కడైనా ఒక్కసారి తెరిసాడేటి? గడ్డివాము కాడ కుక్కలు! తినవు, తిననివ్వవు."

ఎవరు ఎప్పుడు తెరిచారో, ఎవరిని కాదన్నామో అంతా సర్వర్ రాసుకుంటుంది. దాన్నే లాగ్ అంటాం. చూశాను. ప్రొఫెసర్ల పేర్లు ఒక్క చోటా లేవు. సునీత గారి పేరు మాత్రం పేజీలకి పేజీలు, ప్రతి లైన్లోనూ ఇవ్వలేదు, ఇవ్వలేదు, ఇవ్వలేదు. ఒళ్లు మండిపోయింది. ఆ ప్రింటు తీసుకుని హెడ్ గదికి వెళ్లాను.

"సార్, వీళ్లెవరూ వాడట్లేదు. తీసేస్తాను."

"రేపు వాళ్లడిగితే నువ్వు జవాబు చెప్తావా? ఉన్నది ఉన్నట్టుండనీ."

"అయితే రిజర్వ్ చెయ్యమని రాతలో ఇవ్వండి."

"నోటి మాట చాలదా నీకు?"

"చాలదు సార్."

ఇరవై ఏళ్ల సర్వీసులో పైవాడితో అలా మాట్లాడటం నాకదే మొదలు. ఆయన రాసివ్వలేదు. గదికొచ్చి ఎనిమిది లైన్లూ కొట్టేసి, సర్వర్‌ని ఆ ఫైల్ మళ్లీ చదవమన్నాను. నిమిషం పట్టలేదు. మూడు నెలల ఏడుపు, ఒక్క నిమిషం పని! సాయంత్రానికి సునీత గారి ఫోన్. "మీరు బాగుచేశాక దొరికేస్తోందండీ!"

మెమో వస్తుందని జవాబు కూడా రాసిపెట్టుకున్నాను. రాలేదు. ఆ ఎనిమిది మందిలో ఒక్కరూ కనిపెట్టలేదు. వచ్చి దెబ్బలాడినా ఇంత కోపం వచ్చేది కాదు.

ఆవిడ గడువుకి రెండు రోజుల ముందు థీసిస్ ఇచ్చారు. నేరుగా మా గదికొచ్చి నల్ల అట్ట పుస్తకం బల్ల మీద పెట్టారు. మొదటి పేజీలో కృతజ్ఞతల్లో నా పేరుంది. నిజం చెప్పేశాను.

ఆవిడ చంకలో పాపని కిందికి దించారు.

"అంటే నా సిస్టమ్ బాగానే ఉందాండీ?"

"బాగానే ఉందమ్మా."

"మరి నా ముందే విప్పి చూశారు కదండీ?"

ఆవిడ ఆ పుస్తకం తీసుకుని, పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయారు.

హెడ్ మీద, ఆ ఎనిమిది మంది మీద ఇప్పటికీ కోపమే. కానీ వాళ్లు ఆవిడతో ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఆడింది నేను. ఆ తరవాత ఎవరు ఫోన్ చేసినా ఉన్న కారణం ఉన్నట్టే చెప్పాను, అడ్డుపడ్డవాడి పేరుతో సహా. దానికి మెమోలు వచ్చాయి, రెండు. దాచుకున్నాను.