హిల్డాగారి వంటింటి గోడ

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరూ మా యార్క్‌షైర్‌లో ఇల్లు కొని ఉండరు. ఇరవై మూడేళ్ళుగా నేను బ్రాత్‌వైట్ అనే లాయరుగారి ఆఫీసులో ఇళ్ళ అమ్మకాల కాగితాలు చూస్తున్నాను. బేరం ఒక మధ్యాహ్నంలో కుదురుతుంది, తాళాలు చేతికి రావడానికి ఆరు నెలలు పడుతుంది. ఎందుకంత ఆలస్యమని పెళ్ళి విందుల్లోనూ, చావు ఇళ్ళలోనూ కూడా నన్ను నిలదీస్తారు. ఊరి కౌన్సిల్ మీదో బ్యాంకు మీదో నెట్టేసి తప్పుకుంటాను. హిల్డా షాకిల్టన్ విషయంలో మాత్రం అలా తప్పుకోలేను.

హిల్డాగారు మా బడి ముందు పిల్లల్ని రోడ్డు దాటించేది. ఒంటిమీద మెరిసే పసుపు కోటు, చేతిలో 'ఆగు' అని రాసిన గుండ్రటి పలక ఉన్న కర్ర. ఇరవై ఏడేళ్ళు చేసిందా పని. నన్నూ ఆవిడే దాటించింది. "నేను చెప్పేదాకా కదలకు" అనేది. కదిలితే చెవి పట్టుకునేది. ఒకసారి శవాన్ని తీసుకెళ్తున్న కారునే ఆపేసింది. డ్రైవరు గొణిగితే, "ఆయనకిప్పుడు తొందరేముందయ్యా" అందట.

భర్త క్లిఫర్డ్ పోయాక ఆవిడ ఒంటరిగానే ఉంటోంది. పోయిన జనవరిలో మా ఆఫీసుకు వచ్చి ఇల్లు అమ్మేస్తానంది. చెల్లెలు ఎనిడ్ సముద్రం ఒడ్డున హార్న్‌సీలో ఉంటుంది. ఆమెకు చూపు పోతోంది. ముందు మనుషుల మొహాలు పోతాయి, రంగులు కొంతకాలం ఆగుతాయి అన్నాడట డాక్టరు. ఎనిడ్ పక్కిల్లు అమ్మకానికి వచ్చింది.

"నా మొహం కనిపిస్తుండగానే వచ్చెయ్యమంటోందమ్మాయ్," అంది హిల్డాగారు. "మొహానిదేముందిలే, దాని తృప్తి. ఏప్రిల్‌కల్లా అయిపోతుందా?"

అయిపోతుందన్నాను. అలా అనకూడదని తెలిసీ అన్నాను.

మా దగ్గర ఇళ్ళ అమ్మకం గొలుసులా నడుస్తుంది. హిల్డాగారి ఇల్లు కెల్సీ, రాస్ అనే కొత్త దంపతులు కొంటున్నారు. హార్న్‌సీలో ఇల్లు అమ్మే టన్నిక్లిఫ్ అనే ముసలాయన ఒక ఫ్లాటు కొనుక్కుంటున్నాడు. అందరూ ఒకే రోజు, ఒకే పూట మారాలి. ఒకరి కాగితం ఆగితే మిగతావాళ్ళంతా పెట్టెలు సర్దుకుని కూర్చోవాల్సిందే.

మార్చిలో కెల్సీవాళ్ళ లాయరు నుంచి ప్రశ్న వచ్చింది. వంటింటికీ భోజనాల గదికీ మధ్య గోడ తీసేశారు కదా, కౌన్సిల్ అనుమతి పత్రం ఏదీ అని. పత్రం ఎక్కడుంటుంది? 1988లో క్లిఫర్డ్, అతని స్నేహితుడు కలిసి రెండు ఆదివారాల్లో సమ్మెటతో కొట్టేశారు. దీనికి మా వృత్తిలో ఒక చిట్కా వైద్యం ఉంది. చిన్న బీమా తీసుకుంటే చాలు, రేపు కౌన్సిల్ పేచీ పెడితే ఆ ఖర్చు కంపెనీ భరిస్తుంది. షరతు ఒక్కటే. అంతకుముందు ఆ గోడ ఊసు కౌన్సిల్ చెవిన పడి ఉండకూడదు. పడితే ఏ కంపెనీ ఆ బీమా ఇవ్వదు.

నేను ఆ నిమిషమే హిల్డాగారికి ఫోన్ చెయ్యాల్సింది. కానీ మా ఆఫీసులో ఫోన్లు చెయ్యం, ఉత్తరాలు రాస్తాం. ఫైల్లో నకలు ఉంటుందని. రాశాను. బ్రాత్‌వైట్‌గారి సంతకానికి రెండు రోజులు, చవక స్టాంపు అంటించినందుకు మూడు రోజులు, మధ్యలో ఒక ఆదివారం. ఈలోగా ఇల్లు అమ్మిపెట్టే బ్రోకరు వీధిలో కనబడి గోడ సంగతి ఆవిడ చెవిన వేశాడు.

తర్వాతి గురువారం ఆవిడ నా ఉత్తరం పట్టుకుని వచ్చింది.

"కౌన్సిల్‌కి చెప్పొద్దని రాశావేంటమ్మాయ్?"

"అవునండీ. చెప్పలేదు కదా?"

"సోమవారమే చెప్పేశా. ఇన్నేళ్ళూ చెప్పనందుకు తప్పయిందని కూడా అన్నా. ఫోనెత్తినామె మంచిది పాపం, పేరూ చిరునామా అన్నీ రాసుకుంది."

"ఇక బీమా రాదు హిల్డాగారూ."

"నిజం చెప్తే ఇవ్వరా?"

"ఇవ్వరు."

"అబద్ధం చెప్తే ఇస్తారా?"

"అబద్ధం కాదండీ. ఊరుకోవడం అంతే."

"కారొస్తుంటే పిల్లకి చెప్పకుండా ఊరుకోవడం లాంటిదన్నమాట," అంది. నేను లేచి టీ పెట్టాను.

కౌన్సిల్ ఇన్‌స్పెక్టరు రావడానికి ఏడు వారాలు పట్టింది. రాస్ ఫోన్లో కేకలేశాడు. కెల్సీకి ఐదో నెల, వాళ్ళమ్మగారింట్లో సోఫా మీద పడుకుంటున్నారు. "ఆ ముసలావిడ నోరు కట్టేసుకుని ఉంటే ఈపాటికి మా ఇంట్లో ఉండేవాళ్ళం," అన్నాడు. టన్నిక్లిఫ్ మరొకరికి అమ్మేసేవాడే. ఫ్లాటు కాగితాలు కూడా ఎక్కడో చిక్కుకోబట్టి ఆగాడు. ఒకరి ఆలస్యం ఒకరికి అక్కరకొచ్చింది.

మే మధ్యలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. హిల్డాగారు రమ్మంటే నేనూ వెళ్ళాను. వంటింటి కప్పుకు చిన్న కన్నం కొట్టించి, నిచ్చెనెక్కి టార్చి వేసి చూశాడు. మెల్లిగా దిగి, "పైగదిలో ఎవరు పడుకుంటారమ్మా?" అన్నాడు.

"ఎవరూ లేరు. కొనేవాళ్ళు పిల్లకి ఉయ్యాల పెడతామంటున్నారు."

"దయచేసి ఈ కప్పు కింద నిలబడకండి. ఇలా రండి."

గోడ తీసేశాక పైగది బరువు మోయడానికి ఇనుప దూలం ఉండాల్సిన చోట రెండు పాత తలుపు చెక్కలు మేకులతో కలిపి కొట్టి ఉన్నాయి. కింది చెక్క నిలువునా చీలింది. హిల్డాగారు ఆ కన్నంకేసి చూస్తూ, "క్లిఫర్డ్, ఎంత పని చేశావు," అంది. వేరే గదిలో ఉన్న మనిషిని కోప్పడినట్టే అంది.

దూలం వేయించడం, పూత ఆరడం, ఇన్‌స్పెక్టరు మళ్ళీ రావడం, పత్రం ఇవ్వడం. తాళాలు మారేసరికి ఆగస్టు ఇరవై రెండు. ఎనిడ్‌కు జూన్‌లోనే మొహాలు పోయాయి.

హార్న్‌సీకి నా కార్లోనే తీసుకెళ్ళాను.

"మార్చిలో నువ్వు ఫోన్ చేసుంటే నేను ఊరుకునేదాన్నేమో," అంది సగం దారిలో. "ఏప్రిల్‌లో దాని పక్కన ఉండేదాన్ని."

"అవునండీ. నాదే తప్పు."

"ఆ ఉయ్యాల కూడా ఆ చెక్కల మీదే ఉండేది." కారు అద్దం దించి, "అయినా నాకు కోపంగానే ఉందమ్మాయ్," అంది.

నాకూ నా మీద కోపంగానే ఉంది. ఫోన్ చేసుంటే బాగుండేదా అని ఇప్పటికీ చాలాసార్లు అనుకుంటాను. తేల్చుకోలేకపోయాను.

కారు ఆపగానే డిక్కీలోంచి ఒక సంచి తీసి, ఆ ఎండలో తన పాత పసుపు కోటు తొడుక్కుంది. గుండీలన్నీ పెట్టుకుంది. రోడ్డుకు అవతల ఎనిడ్ గేటు పట్టుకుని నిలబడి ఉంది. కారు చప్పుడుకు మెడ చాచి చూస్తోంది.

"హిల్డా? ఆ పసుపు నువ్వేనా?"

"నేనే."

"మొహం కనబడట్లేదే అక్కా."

"కోటు కనబడుతోందిగా."

ఎనిడ్ గేటు వదిలేసి రోడ్డు మీదికి ఒక అడుగు వేసింది. హిల్డాగారు అటూ ఇటూ చూసి చెయ్యెత్తింది.

"నేను చెప్పేదాకా కదలకు," అని చెప్పి, రోడ్డు దాటి వెళ్ళి చెల్లెలి చెయ్యి పట్టుకుంది.