ఎదురు పారిన కాలవ

బెంజ్ సర్కిల్ వెనక వీధిలో, మా ఫ్లాట్ కింద ఒక మెకానిక్ షెడ్డు ఉంది. వాన వెలిసిన పొద్దుట అతను షట్టర్ ఎత్తగానే తడి ఇనుమూ గ్రీజూ కలిసిన వాసన మా బాల్కనీ దాకా వస్తుంది. ఆ వాసనకి నాకు మా నాన్న చేతులు గుర్తొస్తాయి.

మా నాన్న పేరు దేవదానం, కాలవ మీద లస్కరు. చల్లపల్లికి దిగువన, కాలవ ఆఖరునున్న మా ఊళ్ళో గట్లు చూసుకోవడం, తూము తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. ఎండాకాలం మేం ఎండిన కాలవ అడుగున, కాళ్ళు కాలుతున్నా బీటల మీద బిళ్ళంగోడు ఆడుతుంటే, గట్టు మీద ఎవరో ముంజెలు కొట్టే చప్పుడు వినిపించేది, పెరట్లో మామ్మ ఎండబెట్టిన మాగాయ ముక్కల ఘాటు ముక్కులకి తగిలేది. ఏరువాక నాటికి, ఎక్కడో పడమటి కొండల్లో కురిసిన వాన బ్యారేజీ దాటుకుని, ఎర్రటి నురగతో, చితుకులతో, గలగలమంటూ మా దాకా వచ్చేది. ఆడవాళ్ళు పసుపు కుంకుమలు చల్లేవాళ్ళు. మేం చర్చికి వెళ్ళేవాళ్ళమైనా మామ్మ కూడా తలమీద కొంగు కప్పుకుని గట్టున నిలబడి ప్రార్థన చేసుకునేది. నాన్న తూము ఎత్తితే మంచినీళ్ళ చెరువు నిండేది. ఊరంతా ఏడాది పొడుగునా తాగేది ఆ నీళ్ళే.

నాకు తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు ఆ వాన రాలేదు. ఆషాఢం వెళ్ళిపోయింది, శ్రావణం వచ్చింది. కాలవ అడుగున కొంగలు కొన్నాళ్ళు నిలబడి నిలబడి ఎటో వెళ్ళిపోయాయి. కప్పలు అరవలేదు. మిట్టమధ్యాహ్నం ఊరు ఊరంతా ఎవరో నోరు మూసినట్టు ఉండేది. చెరువులో నీళ్ళు మోకాలి లోతుకి దిగాయి.

ఒక సాయంత్రం పైనించి కబురొచ్చింది, నీళ్ళు వదిలారని. నాన్న తూము మరకి గ్రీజు పట్టించి, మొదటి నీళ్ళు ఒక్క చుక్కైనా వృథా పోకూడదని తలుపు పూర్తిగా ఎత్తేసి వచ్చాడు.

తెల్లారేసరికి కాలవ నిండుగా ఉంది. అందరం పరుగెత్తాం. గట్టు మీదకి వెళ్ళి చూస్తే, నురగ లేదు, చితుకుల్లేవు, చప్పుడు లేదు. పచ్చగా, తేటగా, అద్దంలా ఉన్నాయి నీళ్ళు. పొరుగింటి సుబ్బమ్మ గారు పసుపు చల్లి ఒక బంతిపువ్వు వదిలారు. అది కాసేపు అక్కడే తిరిగి, మెల్లగా చల్లపల్లి వైపు కదిలింది.

"మామ్మా, పువ్వు పైకి పోతందే!" అన్నాను.

మామ్మ రేవులోకి దిగి, దోసిట్లోకి తీసుకుని నాలిక మీద వేసుకుంది. ఆమె మొహం అలా మారడం నేనెప్పుడూ చూడలేదు.

"దేవదానం! తూము దించరా! ఇయి మన నీళ్ళు కాదురా, సముద్రంరా!"

ఏటి నీళ్ళు పైనించి నెట్టుకొస్తుంటే సముద్రం ఎక్కడిదక్కడ ఆగేది. ఆ ఏడు ఎదురు నిలిచే నీళ్ళు లేవు, పైన వదిలారన్నవి మా దాకా చేరనేలేదు. పున్నమి పోటు, సముద్రంలో కలిసే మురుగుకాలవలోంచి మా కాలవలోకి ఎక్కి, తెరిచి ఉన్న తూములోంచి చెరువులోకి పోతోంది. నాన్న మర తిప్పాడు, తలుపు సగంలో ఆగింది. ఏదో మొద్దు అడ్డం పడింది. గుండెల్లోతు నీళ్ళలోకి దిగి, చేతులు చీరుకుపోతున్నా దాన్ని లాగేసి తలుపు దించేసరికి ఎండ బాగా ఎక్కింది.

మూడో రోజు చెరువులో చేపలు తేలాయి, తెల్లటి పొట్టలతో, అన్నీ ఒకే ఒడ్డుకి. ఊళ్ళోవాళ్ళు సైకిళ్ళకి బిందెలు కట్టుకుని చల్లపల్లి పోయేవాళ్ళు. నాన్నని ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

"నీళ్ళు కిందనించొస్తాయని ఎవరనుకుంటారయ్యా!" అన్నారు ప్రెసిడెంటు గారు.

"ఎత్తింది నేనే కదండీ," అన్నాడు నాన్న. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఏ ఏడూ దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని చూడకుండా తూము ఎత్తలేదు. ఆయన నాలిక మీద నీళ్ళు పెట్టుకుని కళ్ళు మూసుకుంటే, నేను ఆయన మొహంకేసే చూస్తుండేదాన్ని.

మొన్న ఊరికి వెళ్ళాను. వాన ఇప్పుడు రెండు రోజుల్లో సీజనంతా కురిసేసి, నీళ్ళన్నీ బ్యారేజీ దాటి సముద్రంలోకి పోయాక నెలల తరబడి మొహం చాటేస్తుంది. మంచినీళ్ళ చెరువు రొయ్యల చెరువైంది. బోర్లన్నీ ఉప్పు. మా చిన్నప్పుడు మాకు తూర్పు పడమరలతో పని ఉండేది కాదు. ఎగువింటివాళ్ళు, దిగువింటివాళ్ళు, ఎగువ వీధి, దిగువ పొలం, ఇలా కాలవే దిక్కు చూపించేది. ఆ అలవాటుతోనే, రేవులో బట్టలు ఉతుక్కుంటున్న ఒకావిణ్ణి ఎగువకి దారి బాగుందా అని అడిగాను.

ఆవిడ తలెత్తి కాలవకేసి ఒకసారి చూసింది.

"ఎగువంటే ఎటండీ? నీళ్ళు పొద్దున అటు పోతాయి, మధ్యానం ఇటొస్తాయి," అని, మళ్ళీ బట్టలు జాడించుకోసాగింది.