మా ఈరమ్మవ్వ శాంతమూర్తి కాదు

కనకమామిడి మలుపులో పోయిన నెల కట్టిన ఫ్లెక్సీ వానలకు తడిసి, ఒక మూల ఊడి, గాలికి టపటపా కొట్టుకుంటోంది. దాని మీద ఈరమ్మవ్వ ఫొటో, కింద పెద్ద అక్షరాలతో ‘శాంతమూర్తికి అశ్రునివాళి’. సద్దుల బతుకమ్మకు ఊరికి వెళ్తూ అది చూసి కారు ఆపాను. నివాళి సరే, శాంతమూర్తి ఎవరు? నేను ఎరిగిన ఈరమ్మవ్వ గొంతెత్తితే తాగొచ్చిన మగవాళ్లు ఇంటి వెనక నుంచి జారుకునేవారు.

ఆమె నాకు సొంత అవ్వ కాదు, పక్కింటావిడ. చిన్న వయసులోనే భర్త పోతే కొత్తిమీర, పాలకూర పండించి ఇద్దరు కూతుళ్లను పెంచింది. తెల్లవారగానే ఆమె వాకిట్లో కూర్చుని మట్టి వాసనతో చల్లగా జారిపోయే కొత్తిమీర కట్టలు కట్టిన పిల్లలందరికీ పొయ్యి మీంచి అప్పుడే తీసిన జొన్నరొట్టె, దాని మీద ఇంత వెల్లుల్లి కారం దొరికేవి. కట్ట వదులుగా కడితే మాత్రం చేతి మీద ఒకటి పడేది.

వానలు తగ్గి, గట్ల మీద తంగేడు పచ్చగా పూసి, గునుగు తెల్లగా తలలెత్తితే మాకు ఇక ఇంట్లో కాలు నిలిచేది కాదు. గునుగుకు గులాబీ రంగు అద్ది అరచేతులన్నీ ఎర్రగా చేసుకుని, నువ్వుల సద్ది, పెరుగు సద్ది, రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద ఏ ఇంట్లో ముందు అయితే ఆ ఇంట్లో చేరేవాళ్లం. సాయంత్రం బతుకమ్మలు ఎత్తుకుని నీళ్లలో వదలడానికి చేల మధ్య బాట వెంట కుంటకు నడిచేవాళ్లం.

నాకు పదేళ్లప్పుడు ఆ బాటకు గేటు పడింది. అటు హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తుంటే ఇటు మా చేలు ఫామ్‌హౌస్‌లయ్యాయి. ఒక సాఫ్ట్‌వేర్ ఆసామి భూమి కొని, బాటను కూడా కలుపుకుని గోడ కట్టాడు. రోడ్డు మీంచి చుట్టూ తిరిగి వెళ్లమన్నారు పెద్దమనుషులు.

“లారీల నడుమకెళ్లి బతుకమ్మను తీస్కపోవాల్నా? నేనైతే పోను,” అంది అవ్వ.

ఆ సద్దుల సాయంత్రం తన బతుకమ్మను సరిగ్గా ఆ గేటు ముందు దించి ఆట మొదలుపెట్టింది. లోపలి నుంచి ఆసామి చుట్టాల కార్లు వచ్చి ఆగాయి, హారన్లు కొట్టాయి. ఒక్క ఆడమనిషి కదల్లేదు. నేను భయపడి అమ్మ కొంగు పట్టుకుంటే అవ్వ నన్ను వలయంలోకి లాగింది.

“ఏడువకు. చప్పట్లు కొట్టు.”

చివరికి ఆసామి దిగి వచ్చాడు. “అమ్మా, ఇది ప్రైవేట్ స్థలమండి. రేపు కూర్చుని మాట్లాడుకుందాం.”

“రేపేంది బిడ్డా? బతుకమ్మ ఇయ్యాల పోతది. గేటు నీది, తియ్యి. బాట మాది, పోతం.”

పాట ఆగలేదు. గేటు తెరుచుకుంది. పచ్చిక మీద నిలబడ్డ చుట్టాల మధ్య నుంచి మేం తల దించకుండా నడిచాం. నా జీవితంలో అంత గట్టిగా చప్పట్లు మళ్లీ కొట్టలేదు.

అవ్వ అంతటితో ఊరుకోలేదు. మరునాటి నుంచి పని ఉన్నా లేకున్నా ఖాళీ గంప పట్టుకుని రోజూ ఆ గేటులోంచి కుంట దాకా వెళ్లొచ్చేది. ముసలిదానివి, ఎందుకీ తిప్పలని కూతుళ్లు కోప్పడితే, “ఒక్కరోజు బందు చేస్తే తాళమేస్తరు,” అనేది. జ్వరంతో దవాఖానలో చేరిన రోజు దాకా నడిచింది. గయ్యాళి అన్నారు, పడింది. ఇప్పుడు ఆమె నోరు మూతపడ్డాక శాంతమూర్తి అంటే నేను ఒప్పుకోను.

ఈసారి ఊళ్లో తంగేడు దొరకలేదు, చేవెళ్ల నుంచి కొని తెచ్చారు. చేలు లేవు, కుంట సగం పూడింది. ఉన్నవాళ్లం పదిహేనుమందిమి బతుకమ్మలతో గేటు దగ్గరికి వెళ్తే కొత్త వాచ్‌మన్ రిజిస్టర్ తెచ్చాడు.

“పేరు, ఫోన్ నంబరు, ఎవరిని కలవాల్నో రాయాలె మేడం.”

అందరూ నా వైపు చూశారు. పెన్ను తిరిగి అతని చేతిలో పెట్టాను.

“మేం ఎవర్నీ కలువనీకె రాలేదన్నా. మా బాటల మేం పోతున్నం.”