పెంటయ్య చెవి

సంతోష్‌నగర్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా పాత కార్లున్న వాళ్లను ఎవరినడిగినా పెంటయ్య పేరే చెప్తారు. బండి మొరాయిస్తే ఏ మెకానిక్కైనా ముందు బానెట్ ఎత్తుతాడు. పెంటయ్య ఎత్తడు. తాళం తిప్పమని తల కాస్త పక్కకు వంచి వింటాడు. విని, "పెట్రోల్ అందుతలేదు" అనో, "ప్లగ్గు పోయింది" అనో తేల్చేస్తాడు. తర్వాత విప్పి చూస్తే అదే అయ్యుంటుంది. అఫ్జల్‌గంజ్‌లో ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ మొదటి ఏడాదంతా చేతికి పానా ఇవ్వలేదట. పక్కన కూర్చోబెట్టుకుని ఇంజన్లు వినిపించాడట.

ఆ చెవి మీద పెంటయ్యకు కాస్త పొగరు కూడా ఉండేది, ఉన్నమాట చెప్పాలి కదా. లైట్లు వేసి చూడటం, మీటరు పెట్టి చూడటం చేతకానివాళ్ల పని అని వెక్కిరించేవాడు. యాభై ఎనిమిదేళ్లు వచ్చినా ఆ పొగరు తగ్గలేదు. తగ్గింది చెవి. ముందు సన్నని చప్పుళ్లు పోయాయి, తర్వాత ఫోన్లో మాటలు సగం సగం వినిపించసాగాయి. ఎవరికీ చెప్పలేదు. ఏమని చెప్తాడు? చెవి పోయిన పెంటయ్యను పిలిచేదెవరు?

మొన్న సోమవారం ఆరున్నరకు అచ్యుతరామయ్య గారు ఫోన్ చేశారు. భీమవరం నుంచి నలభై ఏళ్ల కిందట ట్రెజరీ ఉద్యోగం మీద వచ్చి సంతోష్‌నగర్‌లోనే స్థిరపడ్డ పెద్దమనిషి. ఆయన భార్య కామేశ్వరమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆస్పత్రిలో ఎనిమిదింటికి ఆమెకు కుర్చీ. ఆలస్యమైతే ఇంకొకరిని కూర్చోబెడతారు. ఫోన్లో ఏమన్నారో పెంటయ్యకు సరిగా తెలియలేదు కానీ, ఆ వేళప్పుడు ఎందుకు చేస్తారో తెలుసు. స్కూటర్ మీద పది నిమిషాల్లో వచ్చేశాడు.

"మారుతి కదలటం లేదయ్యా. పోనీ ఆటో పిలవనా?" అన్నారు అచ్యుతరామయ్య గారు, పెంటయ్య దగ్గరగా నిలబడి.

"ఆటో ఎందుకు సార్, నేనొచ్చిన గద. పది నిమిషాల పని. అమ్మను ఎనక సీట్ల కూసోబెట్టుండ్రి."

ఆయన తాళం తిప్పారు. పెంటయ్య తల వంచాడు. ఏమీ లేదు, బొత్తిగా ఏమీ లేదు. టిక్కుటిక్కుమంటే బ్యాటరీ, అసలు చప్పుడే లేకపోతే ఇంజన్ను తిప్పే సెల్ఫ్ మోటారు. ఇది ఉస్తాద్ మొదటి నెల్లో చెప్పిన పాఠం.

"సెల్ఫ్ మోటర్ సార్," అని బండి కింద దూరాడు.

మోటారు ఊడదీయడానికే అరగంట పట్టింది. విప్పి చూస్తే లోపల శుభ్రంగా ఉంది, అరిగిందేమీ లేదు. అనుమానం రావలసింది అక్కడే. రాలేదు, రానివ్వలేదు. తుడిచి, మళ్లీ బిగించి, తాళం తిప్పమన్నాడు. మళ్లీ నిశ్శబ్దం. అప్పటికి ఎనిమిదికి పది నిమిషాలే ఉంది. పెంటయ్య చొక్కా చెమటతో తడిసిపోయింది.

కామేశ్వరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, పక్కనే ఉన్న పెంటయ్యను పిలిచింది. "ఏమయ్యా, మొదట్నుంచీ ఆ టిక్కుటిక్కే వస్తోంది. ఇంకేమీ మారలేదే?"

పెంటయ్య ఆమె వంక చూశాడు. తర్వాత, ముప్పై ఎనిమిదేళ్ల పనిలో మొదటిసారి, ముందు లైట్లు వేసి చూశాడు. ఆముదం దీపంలా ఉన్నాయి. రాత్రి వెనక తలుపు సరిగా పడక లోపలి లైటు తెల్లవార్లూ వెలిగింది, బ్యాటరీ దిగిపోయింది. అంతే జబ్బు. నలుగురు తోస్తే కదిలే బండిని పెట్టుకుని ఆ తల్లిని గంటకు పైగా కూర్చోబెట్టాడు.

పాలు పోసే సోమయ్య వచ్చాడు. అటుగా పోతున్న ఇద్దరిని, "భాయ్, జర ధక్కా మారో," అని పిలిచారు. ఇరవై అడుగులు తోసేసరికి బండి అందుకుంది. డిక్కీ మీద ఆనిన అరచేతికి అదురు తగిలితే తప్ప ఆ సంగతి పెంటయ్యకు తెలియలేదు.

దారిలో మళ్లీ ఆగిపోతుందేమోనని ఆయనా వెంట వెళ్లాడు. వాళ్లు ఆస్పత్రి చేరేసరికి ఎనిమిది నలభై. కుర్చీలో వేరే ఆయన ఉన్నాడు. మూడింటికి రమ్మన్నారు. కామేశ్వరమ్మ ఆయాసపడుతూ బయట బల్ల మీద కూర్చుంది. కాళ్లు అప్పటికే చెప్పుల్లో పట్టనంతగా వాచాయి. ఆమె ఒక్క కఠినమైన మాట అనలేదు. అన్నా బాగుండేది. ఏదో మెల్లగా అంది. పెంటయ్య అలవాటు కొద్దీ తలూపాడు.

అచ్యుతరామయ్య గారి మొహం మారింది. ఆయన వంగి, గట్టిగా అన్నారు: "నీ చెవులు ఎన్నాళ్లుగా ఇలా ఉన్నాయయ్యా అని అడుగుతోంది."

పెంటయ్య నేల మీద చతికిలబడ్డాడు. "ఇనబడ్తలేదమ్మా," అన్నాడు. "మస్తు దినాలాయె. తప్పు నాదే. ఆటోల పోనియ్యకపోతి." ఏడ్చాడు, అంత వయసు మనిషి, అందరి ముందూ.

మూడింటికి ఆమెను లోపలికి తీసుకెళ్లేదాకా అక్కడే ఉండి, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాడు. భార్య ఎల్లమ్మ గుమ్మం ముందు బియ్యం చెరుగుతోంది. పక్కన కూర్చుని, జరిగింది దాచకుండా చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకనే," అంది. "రెండేండ్ల సంది ఎరుకనే."

పెంటయ్య నోరు తెరిచి చూశాడు. రెండేళ్లుగా ఎల్లమ్మకు నోరు పెరిగిందని, ప్రతి మాటకూ లొల్లి పెడుతోందని దోస్తుల దగ్గర నవ్వుతూ చెప్పుకున్న మనిషి ఆయన.

"మరి నాకు చెప్పకపోతివేంది?"

"చెప్తే నువ్వు పనికి పోతుంటివా? గందుకే గట్టిగ మాట్లాడుడు షురూ చేసిన. గల్లీల అందరు గయ్యాళిదంటున్నరు. అననీ అనుకున్న. నా మొగనికి చెవుడు అంటె ఇంకెవ్వడన్న బండి తెస్తడా?"

ఆయనకు వినపడాలి కనుక ఆ మాటా ఆమె అరిచే చెప్పింది. గల్లీ అంతా విన్నది.