ఉప్పు తగినంత

ఇంటికి తెచ్చిచ్చే వంట కిట్ మంచిదా, సూపర్ మార్కెట్లో దొరికేది మంచిదా తేల్చుకుందామని ఈ రోజు రెండు గుత్తి వంకాయ కిట్లు ముందేసుకున్నాను. ఒకటి నాచారంలో మా గుమ్మం దాకా వచ్చింది, రెండోది ఉప్పల్ వెళ్లి తెచ్చుకున్నాను. రెండింట్లోనూ నువ్వుల పొడి, చింతపండు గుజ్జు అన్నీ కొలిచి పెట్టారు. ఉప్పు మాత్రం లేదు. రెండు అట్టల మీదా "ఉప్పు తగినంత" అని రాసి ఉంది.

తగినంత అంటే ఎంతని కింది వాటా యాదమ్మక్కను అడిగాను.

"గది నీ చెయ్యికి తెల్వాలె గని, నన్నడుగుతవేందమ్మా?" అంది.

నా చేతికి తెలిసుంటే కిట్లెందుకు కొంటాను?

మొదటిది ఉప్పు కషాయమైంది. ఆ భయంతో రెండోది చప్పగా దించాను. రెండూ ఒకే గిన్నెలో కలిపితే సరిగ్గా తగినంత అయింది.

మీ చేతికి తెలిస్తే ఎన్ని చెంచాలో కింద రాయండి. అప్పటిదాకా ఏ కిట్ మంచిదని ఎవరడిగినా, రెండూ కొనమనే చెబుతాను.